ఆశయానికి విధేయులు, కంపెనీకి కాదు: స్మిత్ అండ్ వెస్సన్ బహిష్కరణ (2000) – ఒక పరిశీలన

2000 మార్చి 17న అమెరికాలో క్లింటన్ ప్రభుత్వం, స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ కలిసి ఒక ఒప్పందాన్ని ప్రకటించాయి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ కేంద్రంగా ఈ కంపెనీ అప్పటికి దాదాపు 150 ఏళ్లుగా రివాల్వర్లు తయారుచేస్తోంది. చేతి తుపాకుల తయారీలో అప్పట్లో ఆ దేశంలో దానిదే అగ్రస్థానం. ఒప్పందం జరిగిన 14 నెలలకే దాని యజమాని, బ్రిటన్‌కు చెందిన టామ్‌కిన్స్ సంస్థ, దాన్ని వదిలించుకుంది. 1987లో 11.25 కోట్ల డాలర్లకు కొన్న కంపెనీని 2001 మేలో 1.5 కోట్ల డాలర్లకు అమ్మేసింది. దానితోపాటు ఉన్న సుమారు 3 కోట్ల డాలర్ల అప్పు కూడా కొన్నవారి నెత్తికే వెళ్లింది.

కంపెనీని ఈ స్థితికి తెచ్చినవాళ్లు తుపాకుల వ్యతిరేకులు కారు. తరతరాలుగా దాని రివాల్వర్లు కొని, తండ్రి వాడినదాన్ని కొడుక్కి ఇచ్చి, ఆ పేరును తమ స్వేచ్ఛకు గుర్తుగా చెప్పుకున్నవాళ్లే దాన్ని నేలకు దించారు. నమ్మకస్తులైన కొనుగోలుదారులు ఇంత త్వరగా, ఇంత కఠినంగా ఎందుకు తిరగబడ్డారన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రచురించిన ‘ఎగ్జిట్, వాయిస్, అండ్ లాయల్టీ’ ఈ చర్చకు ఇప్పటికీ ఆధారగ్రంథం. సంస్థ నాణ్యత దిగజారినప్పుడు కొనుగోలుదారు ముందు రెండు దారులుంటాయని ఆయన ప్రతిపాదించాడు: వదిలిపోవడం, లేదా ఉండి గొంతెత్తడం. విధేయత ఉన్నవాడు వదిలిపోవడానికి తొందరపడడు; సంస్థ బాగుపడుతుందన్న ఆశతో ముందు గొంతెత్తుతాడు. రాజకీయ ముద్ర ఉన్న కంపెనీల విషయంలో ఈ సూత్రం తలకిందులవుతున్నట్టు కనిపిస్తుంది. అందరికన్నా ముందు వెళ్లిపోయేది అత్యంత విధేయులే. సిద్ధాంతం తప్పని దీనర్థం కాదనీ, విధేయత ఎవరిపట్ల అన్న ప్రశ్నను మనం సరిగా వేసుకోకపోవడమే చిక్కనీ నా వాదన. ఈ కొనుగోలుదారుల విధేయత ఆశయానికి చెందింది. కంపెనీ ఆ ఆశయానికి ఒక చిరునామా మాత్రమే. అదే ఆశయాన్ని చాటే మరో విక్రేత పక్కనే ఉంటే, వదిలిపోవడం కూడా విధేయతను చాటుకునే పనే అవుతుంది.

ఒప్పందం ఏ పరిస్థితుల్లో వచ్చిందో కొంత వివరంగా చూడాలి. 1998 చివర న్యూ ఆర్లీన్స్, షికాగో నగరాలు తుపాకుల కంపెనీలపై నష్టపరిహార దావాలు వేశాయి. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ పాఠశాల కాల్పులు జరిగాక ప్రజాభిప్రాయం వేడెక్కింది. 2000 నాటికి సుమారు 30 నగరాలు, కౌంటీలు కోర్టుకెక్కాయి. ఆ ఏడాది సంప్రదింపులను గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి మంత్రి ఆండ్రూ క్యూమో ముందుండి నడిపించాడు. కంపెనీ తరఫున దాని అధిపతి ఎడ్ షుల్ట్జ్ సంతకం చేశాడు. వరుస దావాల ఖర్చు భరించలేక కంపెనీ మూతపడకుండా చూడటమే తన లక్ష్యమని అతను చెప్పుకున్నాడు. వ్యాపార లెక్కల్లో చూస్తే అది తెలివితక్కువ నిర్ణయమేమీ కాదు. ఒప్పందానికి బదులుగా పలు నగరాలు ఆ కంపెనీపై దావాలు వదులుకోవడానికి సిద్ధపడ్డాయి.

షరతులు రెండు రకాలు. మొదటి రకం వస్తువుకు సంబంధించినవి: ప్రతి చేతి తుపాకీకి తాళం, యజమాని చేతిలో మాత్రమే పేలే ‘స్మార్ట్’ తుపాకీ తయారీకి ఏటా అమ్మకాల ఆదాయంలో 2 శాతం ఖర్చు, 36 నెలల్లో కొత్త నమూనాల్లో ఆ పరిజ్ఞానం. రెండో రకం అమ్మకానికి సంబంధించినవి: ఒకేసారి ఎక్కువ తుపాకులు కొనేవారికి మొదటి రోజు ఒకటే ఇచ్చి, మిగతావి 14 రోజుల తర్వాత అందించడం, నేరచరిత్ర తనిఖీ పూర్తయ్యేదాకా ఆగడం, అమ్మేవాళ్లందరూ తనిఖీ చేసే తుపాకుల సంతల్లోనే అమ్మకాలు జరపడం. వీటి అమలును చూడటానికి ఒక పర్యవేక్షక సంఘం, అందులో ప్రభుత్వాల ప్రతినిధులదే ఆధిక్యం. ఈ నియమాలు డీలరు దుకాణంలోని ఇతర కంపెనీల తుపాకులకూ వర్తిస్తాయా అన్నది వెంటనే పెద్ద వివాదమైంది.

మొదటి రకం షరతులే ఆగ్రహానికి కారణమని చాలామంది అనుకుంటారు. ఆధారాలు మరోలా చెబుతున్నాయి. 1997 అక్టోబరులో స్మిత్ అండ్ వెస్సన్‌తో కలిపి ఎనిమిది కంపెనీలు తమ చేతి తుపాకులకు తాళాలు జతచేస్తామని వైట్‌హౌస్ తోటలో క్లింటన్ పక్కన నిలబడి ప్రకటించాయి. అప్పుడు సణుగుడు వినబడింది గానీ ఏ కంపెనీ కూలిపోలేదు. తాళం అదే, అధ్యక్షుడూ అతనే. మారింది ఏమిటంటే, 1997లో ఎనిమిది కంపెనీలు ఒక వరుసలో నిలబడ్డాయి. 2000లో ఒకటి వరుస తప్పి బయటికొచ్చింది. పైగా తన మీద మాత్రమే కాక డీలర్ల మీద, తోటి కంపెనీల మీద కూడా భారం పడే షరతులకు ఒప్పుకుంది. తుపాకీ యజమానుల సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ దీన్ని లొంగుబాటుగా వర్ణించింది. ఇతర తయారీదారులు ఈ ఒప్పందం చుట్టూ ప్రభుత్వం కల్పించబోయిన కొనుగోలు ప్రాధాన్యాలపై కోర్టుకు వెళ్లారు.

నా దృష్టిలో ఈ బహిష్కరణకు అసలు ఇరుసు డీలరు. వార్తల్లో ‘కొనుగోలుదారుల ఆగ్రహం’ అన్న మాటే ఎక్కువగా కనిపిస్తుంది. కానీ కొనుగోలుదారు ఒంటరిగా కోపగించుకుంటే అది కొద్దిరోజుల్లో చల్లారవచ్చు. గాజు అల్మరాలో ఏ తుపాకీ కనిపించాలో నిర్ణయించేది దుకాణదారు. అతను కొత్త షరతుల వల్ల తన జీవనోపాధికే ముప్పు వచ్చిందని భావించాడు. కొందరు డీలర్లు ఆ కంపెనీ సరుకే ఉంచబోమని చెప్పారు. ఆశయపు కోపం, జీవనోపాధి భయం ఒకేచోట కలిశాయి. ఇది మామూలు వ్యాపార పోటీయా, కుమ్మక్కా అని తేల్చడానికి కనెటికట్ అటార్నీ జనరల్ రిచర్డ్ బ్లూమెంథాల్, న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ విచారణలు మొదలుపెట్టారు. పంపిణీ గొలుసు పాత్ర ఎంత ఉందో ప్రభుత్వ న్యాయాధికారులే గుర్తించారన్నమాట. పరిశోధకులు మాత్రం దీనికి తగినంత ప్రాముఖ్యం ఇవ్వలేదు.

ఆ ఏడాది వేసవిలో కర్మాగారాలు కొన్ని వారాలపాటు మూతపడ్డాయి. అక్టోబరులో 125 మందిని పనినుంచి తీసేశారు. షుల్ట్జ్ అప్పటికే పదవి వదిలి వెళ్లిపోయాడు. ఒక జాగ్రత్త అవసరం: 2000లో మొత్తం తుపాకుల మార్కెట్టే మందకొడిగా ఉంది కాబట్టి నష్టాన్నంతా బహిష్కరణ ఖాతాలో వేయడం సరికాదు. అయినా అమ్మకపు ధర అంతగా పడిపోవడాన్ని మార్కెట్ మందగమనం ఒక్కటే వివరించలేదు.

తరువాతి ఘట్టం నా వాదనకు మరింత బలమిస్తుంది. కంపెనీని కొన్నది అరిజోనాకు చెందిన సేఫ్-టి-హ్యామర్ అనే చిన్న సంస్థ. అది చేసే వ్యాపారం తుపాకుల భద్రతా పరికరాలు, అంటే తాళాలు! దాని అధ్యక్షుడు బాబ్ స్కాట్ గతంలో స్మిత్ అండ్ వెస్సన్‌లోనే ఉన్నతోద్యోగి. తాళాల మీద కోపంతో బహిష్కరణ జరిగి ఉంటే, తాళాలు చేసే యజమానిని కొనుగోలుదారులు ఎలా అంగీకరిస్తారు? అంగీకరించారు. 2001 తరువాత రివాల్వర్ల లోపలే తాళం అమర్చి అమ్మారు. ఆ తాళపు రంధ్రానికి కొందరు హిల్లరీ క్లింటన్ పేరు కలిపి ఎగతాళి పేరు పెట్టారు, ఏళ్ల తరబడి సణిగారు, అయినా కొన్నారు. తరువాత కొన్ని నమూనాలు తాళం లేకుండా మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. అంటే వస్తువు మీద అసంతృప్తి హిర్ష్‌మన్ చెప్పినట్టే గొంతెత్తడంగా మిగిలింది. పక్షం మారిందన్న అనుమానం మాత్రమే వదిలిపోవడానికి దారితీసింది. ఈ రెంటి మధ్య తేడాను ఇంత స్పష్టంగా ఒకే కంపెనీ చరిత్రలో చూపగల ఉదాహరణ నాకు మరొకటి కనబడలేదు.

బుష్ ప్రభుత్వం ఒప్పందం అమలుపై ఆసక్తి చూపలేదు. ఆచరణలో అది మరుగున పడింది. కంపెనీ కోలుకుని, 2021 ఏప్రిల్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సుమారు 106 కోట్ల డాలర్ల అమ్మకాలు చేసింది. సంజాయిషీలు చేయలేని పనిని యజమాని మార్పు చేసింది. పాత సంతకం మరొకరిదని చెప్పుకునే వీలు దొరికింది. పాత కొనుగోలుదారులకూ గౌరవంగా తిరిగి రావడానికి ఒక కారణం చిక్కింది.

ఇలాంటి ఆగ్రహం ప్రతిసారీ ఇంత నష్టం చేస్తుందా? చేయదు. బ్లాక్ రైఫిల్ కాఫీ అనే కంపెనీ ఉదాహరణే దీనికి రుజువు. అమెరికా సైన్యపు ప్రత్యేక దళాల్లో పనిచేసిన ఇవాన్ హేఫర్ 2014లో సాల్ట్ లేక్ సిటీలో దీన్ని స్థాపించాడు. 2017లో స్టార్‌బక్స్ 10,000 మంది శరణార్థులకు ఉద్యోగాలిస్తామంటే, తాము 10,000 మంది మాజీ సైనికులను తీసుకుంటామని ప్రకటించి మితవాదుల అభిమానం చూరగొంది. 2020 నవంబరులో, కెనోషా నగరంలో నిరసనల సమయంలో జరిగిన కాల్పుల కేసులో బెయిలుపై విడుదలైన, మితవాదుల్లో కొందరు వెనకేసుకొచ్చిన ఒక యువకుడు ఈ కంపెనీ టీషర్టు వేసుకున్న ఫొటో వ్యాపించింది. అతనితో తమకు సంబంధం లేదని కంపెనీ దూరం జరిగింది. అంతే, అభిమానుల్లో ఒక వర్గం విరుచుకుపడింది. 2021లో న్యూయార్క్ టైమ్స్ పత్రికతో మాట్లాడుతూ హేఫర్ జాత్యహంకారులు తన కొనుగోలుదారుల్లో ఉండటం తనకు ఇష్టం లేదని చెప్పడంతో అది రెండోసారి రాజుకుంది.

అమ్మకాలు మాత్రం 2020లో సుమారు 16.4 కోట్ల డాలర్లు, 2021లో 23.3 కోట్లు, 2022లో 30.1 కోట్లు. దూషణలు ఎంత హోరెత్తినా ఆ మూడేళ్లూ అంకెలు పెరుగుతూనే వచ్చాయి. ఇక్కడ ఆ కాఫీని అమ్మనని భీష్మించే దుకాణదారు లేడు. అమ్మకంలో ఎక్కువభాగం నేరుగా ఇంటికి చేరేది. తరువాత అది పెద్ద దుకాణాల అరల్లోకి చేరినప్పుడు, దాని రాజకీయాలతో పనిలేని కొత్తవాళ్లు కూడా కొనడం మొదలుపెట్టారు. దేశవ్యాప్త సంఘమేదీ బహిష్కరణను భుజాన వేసుకోలేదు. పైగా ఈ సందర్భంలో కంపెనీ ప్రత్యర్థులతో కలిసి ఏ పత్రం మీదా సంతకం పెట్టలేదు. దూరం జరగడం ఒకటి, అవతలి పక్షంతో చేయి కలపడం మరొకటి.

ఆశయం కోసం కంపెనీపై తిరగబడటం మితవాదుల గుణమని ఎవరైనా అనుకుంటే 2006 నాటి బాడీ షాప్‌ను చూడాలి. జంతువులపై ప్రయోగాలను వ్యతిరేకిస్తూ అనీటా రోడిక్ 1976లో బ్రైటన్‌లో మొదలుపెట్టిన ఆ కంపెనీని, జంతుప్రయోగాల విషయంలో విమర్శలు ఎదుర్కొన్న సౌందర్య సాధనాల సంస్థ లోరియాల్ 65.2 కోట్ల పౌండ్లకు కొన్నది. సబ్బుల తయారీ మారలేదు, సిద్ధాంతమూ మారలేదని రోడిక్ ఎంత చెప్పినా, జంతుహక్కుల కార్యకర్తల్లో కొందరు బహిష్కరణకు పిలుపునిచ్చారు. వాళ్ల అభ్యంతరం డబ్బు ఎవరి చేతికి చేరుతుందన్నదాని మీదే.

మన దేశపు అనుభవం ఈ వాదనకు మరో కోణం చేరుస్తుంది. 1905 ఆగస్టు 7న కలకత్తాలో బ్రిటిష్ వస్తువుల బహిష్కరణ తీర్మానమయ్యాక, బొంబాయి మిల్లుల బట్టకు బెంగాల్‌లో గిరాకీ ఎగసింది. మిల్లుల యజమానులు ఆ అవకాశాన్ని అందిపుచ్చుకుని ధరలు పెంచారు. ఉద్యమకారులు నొచ్చుకున్నారు, నిలదీశారు. సుమిత్ సర్కార్ బెంగాల్ స్వదేశీ ఉద్యమంపై రాసిన గ్రంథంలో ఈ ఘర్షణ నమోదై ఉంది. అయితే కొనుగోలుదారు ఎక్కడికి పోతాడు? మాంచెస్టర్ బట్ట ముట్టుకుంటే ఆశయమే పోతుంది. స్థానిక మగ్గాలు, కొత్తగా పుట్టిన మిల్లులు అంత గిరాకీని తీర్చలేవు. అమెరికన్ తుపాకీ కొనుగోలుదారుకు పక్క అరలోనే రూగర్, గ్లాక్ కంపెనీల తుపాకులు ఉన్నాయి. బెంగాలీ గుమాస్తాకు ఆశయం లోపలే మరో బట్ట దాదాపు లేదు. అందుకే అక్కడ కోపం వదిలిపోవడంగా మారలేక, హామీ కోరే గొంతుగా మిగిలింది.

ఆ గొంతుకు సమాధానం కొంతవరకు రెండు దశాబ్దాల తరువాత దొరికింది. 1920లలో కొన్ని మిల్లులు ముతక బట్ట నేసి ఖద్దరు పేరుతో అమ్ముతుంటే గాంధీ తీవ్రంగా తప్పుపట్టాడు. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం ఖద్దరు దుకాణాలకు ధ్రువీకరణ ఇచ్చే బాధ్యత చేపట్టింది. శ్రీకాకుళం ప్రాంతపు పొందూరు సన్న ఖద్దరు పేరు దేశమంతా తెలిసిన ఆ కాలంలో, బట్ట మీది నమ్మకాన్ని వ్యాపారి మాటకు వదలకుండా ఉద్యమ సంస్థే తన చేతుల్లోకి తీసుకుంది. ఆశయం అమ్మేవాడికన్నా పెద్దదని ఒప్పుకున్న ఏర్పాటు అది. అమెరికన్ కంపెనీలు ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. కంపెనీయే ఆశయం అన్నట్టు ప్రచారం చేసుకుని, ఆశయం తమను విచారించడానికి వచ్చినప్పుడు ఆశ్చర్యపోతున్నాయి.

ఈ చర్చలో ఎప్పుడూ బయటే నిలబడేవాళ్లు కార్మికులు. 2000లో పని పోగొట్టుకున్న 125 మంది ఒప్పందానికి ఓటు వేసినవాళ్లు కారు, బహిష్కరణ చేసినవాళ్లూ కారు. 2021 సెప్టెంబరులో కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని టెన్నెసీ రాష్ట్రంలోని మేరీవిల్‌కు తరలిస్తామని, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని సుమారు 550 ఉద్యోగాలపై దీని ప్రభావం పడుతుందని ప్రకటించింది. కొన్ని రకాల తుపాకుల తయారీనే నిషేధించేలా మసాచుసెట్స్ శాసనసభలో ప్రతిపాదించిన బిల్లును కారణంగా చూపింది. ఈసారి కంపెనీ తన కొనుగోలుదారుల పక్షాన గట్టిగా నిలబడింది. 2000లో పక్షం మారినందుకూ, 2021లో పక్షం మారనందుకూ మూల్యం చెల్లించినవారిలో స్ప్రింగ్‌ఫీల్డ్ కార్మికులే ముందున్నారు. వినియోగదారుల రాజకీయాలపై జరిగే పరిశోధన కొనేవాడి మనసును ఎంత సూక్ష్మంగా కొలుస్తుందో, కర్మాగారపు హాజరుపట్టీని కూడా అంత శ్రద్ధగా చదవాలని నా విన్నపం.