నకలునకు వెల ఎంత?

సింహాద్రిపురము చుట్టుపట్ల పల్లెలలో, ఆ మాటకు వచ్చిన దత్తమండలముల అంతటను, ఒకప్పుడు కరణముల ఇండ్ల అటకలమీద కవిలెకట్టలు ఉండేవి. పొలముల హద్దులు, ఈనాములు, గుడిమాన్యములు, ఊరి పుట్టుపూర్వోత్తరములు అన్నియు ఆ ఆకులయందే. ఒక ఇల్లు అంటుకొన్నను, ఒక వానకారు కప్పు కురిసినను ఒక ఊరి జ్ఞాపకము పోవును. రెండవ ప్రతి ఉండెడిది కాదు.

కర్నల్ కాలిన్ మెకంజీ పంపిన మనుష్యులు ఈ సీమలో ఊరూర తిరిగి, కవిలెలు చూచి, కరణములను అడిగి కైఫీయత్తులు వ్రాయించినారు. 1821లో మెకంజీ మరణించిన పిమ్మట ఈస్టిండియా కంపెనీ ఆ సంగ్రహమునకు ఆయన భార్యకు లక్ష రూపాయలు చెల్లించినది. అంత వెల ఇచ్చి కొన్నంత మాత్రమున కాగితము చెడక నిలుచునా? మద్రాసు చేరిన సంపుటములు క్రమముగా శిథిలము కాసాగినవి.

ఇక్కడ మన కడప కథ మొదలగును. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, 1826లో మరల వచ్చినప్పుడు బంగళా ఒకటి కొని, అందులో పండితులను, వ్రాయసగాండ్రను కూర్చుండబెట్టినాడు. జూలూరి అప్పయ్య, అయోధ్యాపురము కృష్ణారెడ్డి మొదలగువారు ఆయనకు తోడు. ఒక కావ్యమునకు దొరకినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించుట, నకలు వ్రాయించుట, పాఠములను పోల్చి తప్పులు దిద్ది శుద్ధప్రతి ఎత్తించుట వారి పని. గ్రంథము అమ్మనొల్లని ఇంటివారు సైతము నకలునకు ఒప్పుకొనవచ్చును. ఆ ఒప్పుదల సంపాదించుటయే సగము శ్రమ. మిగిలిన సగము జీతములు. కాగితము, సిరా ఏపాటి? నెలనెల పండితులకు ఇచ్చుటయే బరువు. ఆ బరువును బ్రౌను తన జీతముతో మోసినాడు, చాలనప్పుడు అప్పుచేసినాడు.

నేటి కంప్యూటరు ప్రోగ్రాముల మూలరచనకు, అనగా సోర్సుకోడుకు, కూడ ఇదే లెక్క అనిన శ్రోతలు నవ్వవచ్చును. 2005లో వెలసిన గిట్ అను సాధనముతో ఒక్క ఆజ్ఞ ఇచ్చిన చాలు, పూర్వపు మార్పుల చరిత్రతో సహా పూర్తి ప్రతి దిగును, సాధనము ఉచితము. అయినను పెక్కు సంస్థలు పనివాని తలకు ఇంతయని లైసెన్సు రుసుము కట్టి నకళ్లు తీయించుకొనుచున్నవి. ఆ సొమ్ము నకలునకు కాదు. మరువక దినదినము తీయుటకు, తీసినది మూలముతో సరిపోలినదా అని చూచుటకు, మూలము పోయిననాడు తిరిగి నిలబెట్టుటకు. అప్పయ్యగారు చేసిన పని అదియే. ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు మొదట కత్తెర పడునదియు తరచు దీనిమీదనే, ఏలయనగా మూలము క్షేమముగా ఉన్నంతకాలము ఈ వ్యయమునకు ఫలము కంటికి కనబడదు.

బ్రౌను తన గ్రంథసంచయమును మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చివేసినాడు. అది తరువాత ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు చేరినది. శిథిలమగుచున్న మెకంజీ కైఫీయత్తులను సైతము ఆయన తిరిగి వ్రాయించినాడు. నాకు తోచినంతలో నిఘంటువు తరువాత మన జిల్లాకు ఆయన చేసిన పెద్ద ఉపకారమిదియే.

కరణముల వ్యవస్థ 1984లో రద్దయినది. కవిలెకట్టలు అంతకు మునుపే చాలవరకు చెదలపాలయినవి. కడపలో బ్రౌను నివసించిన చోటనే గ్రంథాలయము వెలసి, నేడు యోగి వేమన విశ్వవిద్యాలయము క్రింద పరిశోధనకేంద్రముగా నడుచుచున్నది. కడప జిల్లా కైఫీయత్తులు ఆ కేంద్రమునుండియే సంపుటములుగా అచ్చయినవి.