మనోవర్తి నుంచి పరిచర్య దాకా: వృద్ధుల దీర్ఘకాల సంరక్షణకు ఆర్థికాధారం – కశింకోట నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వృద్ధాప్యంలో తల్లిదండ్రుల పోషణకు తెలుగు కుటుంబాలు ఏయే ఏర్పాట్లు చేసుకొన్నాయి, ఆ ఖర్చును ఎవరు ఏ రూపంలో భరించారు అన్న విషయాన్ని ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. అనకాపల్లి జిల్లా కశింకోట ప్రాంతపు వ్యావసాయిక జీవనం ఈ పరిశీలనకు నేపథ్యం. ధర్మశాస్త్రం, ఇల్లరికపు ఆచారం, న్యాయస్థానాల తీర్పులు, 1956, 2007 చట్టాలు, ప్రభుత్వ పింఛన్లు ఇందులో చర్చకు వస్తాయి. పోషణలో భూమికీ ధనానికీ లెక్క కట్టిన వ్యవస్థలు, మంచాన పడినవారికి చేసే పరిచర్యకు చాలాకాలం లెక్క కట్టలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మనోవర్తి, ఇల్లరికం, దాన దస్తావేజు, వృద్ధాప్య పింఛను, పరిచర్య, కశింకోట.

1. ఉపోద్ఘాతం:

కశింకోట పేరు చరిత్రగ్రంథాల్లో యుద్ధసందర్భంలో కనిపిస్తుంది. 1758లో కర్నల్ ఫోర్డు సేన విశాఖపట్నంలో దిగి, కశింకోట దగ్గర విడిది చేసిన విజయనగరాధీశుడు ఆనందగజపతిరాజు సేనతో కలిసింది. ఆ డిసెంబరులోనే చందుర్తి యుద్ధం జరిగింది. రాజ్యాలు చేతులు మారిన తీరు చరిత్రకెక్కినంత వివరంగా, ఒక ఇంట్లో పొలం తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి మారిన తీరు చరిత్రకెక్కలేదు. ఆ మార్పు తరవాత తండ్రికి అన్నం పెట్టిందెవరు, మంచాన పడితే చూసిందెవరు అన్న ప్రశ్నలు కుటుంబ విషయాలుగానే మిగిలిపోయాయి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో కశింకోట ఒక మండల కేంద్రం. ఈ ప్రాంతపు జీవనానికి వరితోపాటు చెరకు ఆధారం. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. 1913లో చెరకు పరిశోధన స్థానం ఇక్కడ వెలసింది. చెరకు దాదాపు ఏడాదిపాటు నేలమీద ఉండే పంట. గానుగాడి బెల్లం అమ్మితేగాని రైతు చేతికి సొమ్ము రాదు. వృద్ధుల మందులు, ఆహారం, సహాయకుల ఖర్చు మాత్రం నెలనెలా, కొన్నిసార్లు రోజురోజూ పుట్టుకొస్తుంది. రాబడి కాలానికీ ఖర్చు కాలానికీ ఉన్న ఈ ఎడం వ్యవసాయ కుటుంబాల్లో వృద్ధుల పోషణ సమస్యకు మూలాల్లో ఒకటి.

2. ధర్మశాస్త్రం – భాగమా? మనోవర్తా?

వృద్ధులైన తల్లిదండ్రుల పోషణను ధర్మశాస్త్రాలు కొడుకుకు తప్పనిసరి విధిగా చెప్పాయి. పిత్రార్జితం ఉన్నా లేకున్నా ఈ బాధ్యత కొడుకు స్వంతమని మితాక్షర సంప్రదాయం గ్రహించింది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన ఈ వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరము’ పేరిట తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆస్తి, అప్పు, దాయభాగం వంటి వ్యవహారాలు తెలుగులో శాస్త్రగ్రంథంగా రూపొందడానికి ఇది తొలి మెట్టు.

ఇక్కడ ఒక చారిత్రక వైరుధ్యాన్ని గమనించాలి. తండ్రి మరణానంతరం కొడుకులు ఆస్తి పంచుకొంటే తల్లికి కూడా వారితో సమానభాగం ఇవ్వాలని స్మృతి చెప్పింది. మద్రాసు రాష్ట్ర న్యాయవ్యవహారంలో మాత్రం ఆ నియమం వాడుక తప్పిందని న్యాయస్థానాలు భావించాయి. తల్లికి భాగం పోయి మనోవర్తి మిగిలింది. భాగం ఉన్నవారు తమ ఖర్చును తామే నిర్ణయించుకొంటారు. మనోవర్తి పొందేవారి ఖర్చును ఇచ్చేవారు నిర్ణయిస్తారు. వృద్ధురాలి స్థితిలో ఇది చిన్న మార్పు కాదు. గ్రాసం, వాసం అన్న రెండు మాటల్లోనే ఆమె అవసరాలన్నీ ఇమిడిపోయాయని అప్పటి నుంచి వ్యవహారం నడిచింది.

3. ఇల్లరికం – ముందుచూపుతో చేసిన ఏర్పాటు:

కొడుకులు లేని ఇంట, ఉన్నా వ్యవసాయం అందుకొనే వయసు రాని ఇంట, అల్లుణ్ణి తెచ్చి ఇంట్లో ఉంచుకోవడం తెలుగు నేలలో బలంగా ఉన్న ఆచారం. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఉన్న ఈ ఇల్లటపు ఆచారాన్ని మద్రాసు హైకోర్టు పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించింది. ఇల్లరికపు అల్లుడు దత్తపుత్రుడు కాడు. పుట్టింటి ఆస్తిలో అతని హక్కు పోదు. మామగారి ఇంట శ్రమించినందుకు ఆయన ఆస్తిలో, తరవాత కొడుకు పుట్టినా, కొడుకుతో సమానమైన భాగం పొందుతాడు.

వృద్ధాప్యపోషణ దృష్టితో చూస్తే ఇల్లరికంలో మూడు విశేషాలు కనిపిస్తాయి. ఏర్పాటు ముందుగానే జరుగుతుంది. శ్రమకు ప్రతిఫలం ఆస్తిరూపంలో ఒప్పుదల అవుతుంది. కూతురు పుట్టింటనే ఉంటుంది కాబట్టి వృద్ధులకు పరిచర్య చేసే మనిషి కూడా ఇంట్లోనే ఉంటుంది. అయినా ఒప్పందం అల్లుడి పేరిటే నడిచింది. అతడు పొలంలో చేసిన శ్రమకు భాగం వచ్చింది. ఆమె ఇంట్లో చేసిన శ్రమ ఒప్పందంలో ప్రస్తావనకు రాలేదు.

4. తులసమ్మ కేసు – జీవితకాలపు పోషణకు భూమి:

మనోవర్తికి బదులుగా భూమి ఇచ్చినప్పుడు ఆ భూమి ఎవరిది? ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఒక తెలుగు కేసులోనే వచ్చింది. నెల్లూరు ప్రాంతానికి చెందిన వడ్డెబోయిన తులసమ్మ భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో ఉండగానే మరణించాడు. ఆమె 1944లో మనోవర్తి కోసం దావా వేసింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తిని జీవితాంతం అనుభవించేలా, అన్యాక్రాంతం చేసే హక్కు లేకుండా ఆమెకు ఇచ్చారు. తరవాత ఆమె ఆ ఆస్తిలో కొంత అమ్మడంతో వివాదం మళ్లీ మొదలైంది. 1956 హిందూ వారసత్వచట్టం 14వ సెక్షను ప్రకారం ఆ ఆస్తి ఆమెకు సంపూర్ణహక్కుగా మారిందని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

దావా వేసిన నాటి నుంచి తుదితీర్పు దాకా ముప్పైమూడేళ్లు గడిచాయి. స్త్రీ పోషణహక్కు కుటుంబం దయవల్ల కలిగేది కాదనీ, ఆస్తితో ముడిపడిన హక్కనీ ఈ తీర్పు స్థిరపరచింది. జీవితకాలపు పోషణను భూమిరూపంలో ముందే కట్టివ్వడం తెలుగు కుటుంబాలకు తెలిసిన పద్ధతే అనడానికి కూడా ఈ కేసు సాక్ష్యం.

5. చట్టాలు – దస్తావేజులో ఒక షరతు:

1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధులూ అశక్తులూ అయిన తల్లిదండ్రుల పోషణ బాధ్యతను కొడుకుతోపాటు కూతురికీ వర్తింపజేసింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను కింద వివాహిత అయిన కూతురు కూడా బాధ్యురాలేనని 1987లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఈ బాధ్యతను సివిల్ కోర్టు నుంచి రెవెన్యూ కార్యాలయానికి తెచ్చింది. డివిజన్ స్థాయి అధికారి అధ్యక్షతన ట్రిబ్యునల్ ఉంటుంది. కశింకోట మండలానికి అనకాపల్లి రెవెన్యూ డివిజనే కేంద్రం. దరఖాస్తును తొంభై రోజుల్లో పరిష్కరించాలని, అవసరమైతే మరో ముప్పై రోజులు తీసుకోవచ్చని చట్టం గడువు పెట్టింది. నెలవారీ భృతికి గరిష్ఠ పరిమితి రూ. 10,000. ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి చోటుండే వృద్ధాశ్రమం ఉండాలన్నది ఈ చట్టపు మరో ఆశయం.

వ్యవసాయ కుటుంబాలకు ఈ చట్టంలో అత్యంత కీలకమైనది 23వ సెక్షను. పోషిస్తారన్న షరతుతో చట్టం అమల్లోకి వచ్చాక వృద్ధులు ఆస్తి రాసిచ్చి, తీసుకొన్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీని చెల్లకుండా చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. అయితే షరతు ఉన్నట్లు తేలడం ఎలా? 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు, పోషణ షరతు ఉన్నట్లు చూపనిదే 23వ సెక్షను వర్తించదని చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం చట్టాన్ని వృద్ధులకు అనుకూలంగా ఉదారదృష్టితో అన్వయించాలంటూ, తల్లి కొడుక్కిచ్చిన దానాన్ని రద్దు చేసిన ఉత్తర్వును పునరుద్ధరించింది. అక్కడ దానపత్రంతోపాటు కొడుకు పోషణకు ఒప్పుకొంటూ రాసిచ్చిన పత్రం కూడా ఉంది.

ప్రేమాభిమానాలతో ఇస్తున్నాననే వాక్యం దాన దస్తావేజుల్లో పరిపాటి. కన్నకొడుకు దగ్గర షరతు రాయించుకోవడం నామోషీ అన్న భావం కుటుంబాల్లో ఉంటుంది. ఆ మొహమాటంవల్ల వదిలేసిన ఒక్క వాక్యం, ఉన్న ఎకరమూ రాసిచ్చిన వృద్ధులకు తరవాత తిరిగి పొందలేని రక్షణ అవుతుంది. ఐరోపాలోని జర్మన్ రైతు కుటుంబాలు పొలం కొడుక్కి అప్పగించేటప్పుడు ‘ఆల్టెన్‌టైల్’ అనే ఏర్పాటు రాసుకొనేవి. వృద్ధులుండే గది, ఏటా ఇవ్వాల్సిన ధాన్యం, వంటచెరకు, జబ్బుచేస్తే చేయవలసిన సేవ దాకా అందులో ఉండేవి. అక్కడ ఆ రాత అపనమ్మకానికి గుర్తు కాలేదు, పొలం అప్పగింతలో భాగమైంది.

6. పింఛను – నెలవారీ ధనం:

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 1960ల తొలినాళ్లలోనే మొదలైంది. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ వృద్ధాప్య పింఛను పథకాన్ని నెలకు రూ. 75తో ఆరంభించింది. 60 నుంచి 79 ఏళ్లవారికి కేంద్రవాటా నేటికీ రూ. 200 మాత్రమే. మిగిలిన భారం రాష్ట్రానిది. రాష్ట్రంలో పింఛను 2014లో రూ. 1,000, 2019 ఆరంభంలో రూ. 2,000, 2024 ఆరంభంలో రూ. 3,000 అయింది. 2024 జూలై 1న రూ. 4,000 చొప్పున పంపిణీ మొదలైంది. పింఛను అర్హత వయసు 2019లో 65 నుంచి 60కి తగ్గింది.

పంట సొమ్ము ఏటికొకసారి వచ్చే ఇంటికి ఒకటో తారీకున గుమ్మంలోకే వచ్చే ఈ సొమ్ము విలువ అంకెకు మించినది. వృద్ధులు దీన్ని స్వయంగా అందుకొంటారు. భాగం పోయి మనోవర్తి మిగిలిన చరిత్రలో, తమ ఖర్చును తాము నిర్ణయించుకొనే వీలు పరిమితంగానైనా తిరిగి వచ్చినట్లయింది.

2024లోనే మరొక మార్పు జరిగింది. పక్షవాతంవంటి కారణాలతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి పింఛను రూ. 5,000 నుంచి రూ. 15,000కి పెరిగింది. వయసునుబట్టి కాక, మరొకరిమీద ఆధారపడే స్థాయినిబట్టి సొమ్ము నిర్ణయం కావడం ఈ చరిత్రలో గమనించదగ్గ మలుపు.

7. లెక్కకు రాని పరిచర్య:

పై ఏర్పాట్లన్నిటినీ శ్రమ దృష్టితో కొలిచి చూడవచ్చు. 2024-25లో రాష్ట్రంలో ఉపాధిహామీ రోజుకూలి రూ. 300. ఆ లెక్కన రూ. 4,000 పింఛను పదమూడు రోజుల కూలి. చట్టం అనుమతించిన గరిష్ఠ భృతి రూ. 10,000 ముప్పైమూడు రోజుల కూలి, అంటే నెలంతా పగటిపూట ఒక మనిషిని పెట్టుకోవడానికి సరిపోతుంది. అన్నానికీ మందులకూ మిగిలేది వెయ్యి రూపాయలు. మంచాన పడినవారికి రాత్రిపూట కూడా మనిషి కావాలి. రెండు పూటలకు నెలకు అరవై కూళ్లు, అంటే రూ. 18,000. అత్యధిక పింఛను రూ. 15,000 కూడా దానికి చాలదు. పైగా ఇది నైపుణ్యం లేని పనికి కట్టిన కూలి.

ఈ తేడాను ఇన్నాళ్లూ భర్తీ చేస్తున్నది ఇంటి ఆడవారి చాకిరీ. ఒంటికి నీళ్లు పోయడం, పక్క మార్చడం, అన్నం తినిపించడం, పుండ్లు పడకుండా చూడడం ఎక్కువ ఇళ్లలో కోడలి పని, కొన్ని ఇళ్లలో కూతురి పని. 2007 చట్టం ‘సంతానం’ అన్న మాటకు కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని అర్థం చెప్పింది. కోడలు అందులో లేదు. ఆమెకు చట్టపరమైన బాధ్యత లేదు, చేసిన పనికి ప్రతిఫలమూ లేదు. అల్లుణ్ణీ కోడలినీ చేరుస్తూ, రూ. 10,000 పరిమితిని తొలగిస్తూ 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణబిల్లు 2024లో సభ రద్దుతో మురిగిపోయింది. అది చట్టమైనా కోడలికి బాధ్యత వచ్చేదిగాని ఆమె శ్రమకు విలువ వచ్చేది కాదు.

జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాల సంరక్షణకు ప్రత్యేకమైన బీమాను అమలుచేశాయి. జపాన్‌లో నలభై ఏళ్లు నిండినవారు చందా కడతారు. ఆధారపడే స్థాయిని అంచెలుగా నిర్ణయించి సేవ అందిస్తారు. జర్మనీలో ఇంటివారే సేవ చేస్తే కుటుంబానికి నగదు ఎంచుకొనే వీలుంది. మన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రి చికిత్సకు పరిమితం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదలయ్యే ఏళ్లతరబడి పరిచర్య వాటి పరిధిలోకి రాదు.

చెరకు సాగు కుంచించుకుపోయి, యువతరం విశాఖపట్నం, పరవాడ, అచ్యుతాపురం పరిశ్రమలవైపు కదులుతున్న కశింకోట ప్రాంతంలో ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. స్త్రీలు కూడా జీతానికి వెళ్లే ఇంట పరిచర్యకు మిగిలే మనిషి ఎవరన్నది ఇప్పుడు జీతం లెక్కల్లో తేలే ప్రశ్న. 2011 జనగణనలో దేశజనాభాలో అరవై దాటినవారు 8.6 శాతం ఉంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం ఉన్నారు.

8. ముగింపు:

• స్మృతి తల్లికి చెప్పిన సమానభాగం మద్రాసు న్యాయవ్యవహారంలో మనోవర్తిగా కుదించుకుపోయింది. తులసమ్మ కేసు ఆ పోషణకు ఆస్తిహక్కు స్థాయిని తిరిగి ఇచ్చింది.

• ఇల్లరికం వృద్ధాప్యానికి ముందుగా చేసుకొన్న దేశీయ ఏర్పాటు. అయితే అది అల్లుడి శ్రమకు విలువ కట్టి, కూతురి శ్రమను విడిచిపెట్టింది.

• 2007 చట్టం ఆస్తి బదిలీని పోషణతో ముడిపెట్టింది. ఆ రక్షణ నిలవడానికి దస్తావేజులో పోషణ షరతును, సాధ్యమైతే పరిచర్య వివరాలతో సహా, స్పష్టంగా రాయించుకోవడం అవసరం.

• 2024 పింఛను శ్రేణులు పరాధీనతకు విలువ కట్టడానికి తొలి అడుగు వేశాయి. పరిచర్య చేసే మనిషి మాత్రం ఇంకా ఏ లెక్కలోకీ రాలేదు.

• గ్రాసవాసాలకు బాధ్యులెవరో ధర్మశాస్త్రం నుంచి నేటి చట్టం దాకా అన్నీ చెప్పాయి. రాత్రిపూట లేచి పక్క మార్చే చేతికి ఎవరు ఏమివ్వాలో చెప్పే నియమం ఇకముందు రావలసి ఉంది.