లైట్లే కదా అనుకున్నారు

నూజివీడు బస్టాండుకు కాస్త ఇవతల ఉన్న ఓ పాత ఫొటో స్టూడియోలో కంప్యూటర్ పోయింది. కంప్యూటర్లు పోతూనే ఉంటాయి, దానికింత బాధ దేనికని ఎవరైనా అడగొచ్చు. పోయిన తీరు తెలిస్తే అడగరు. గాలివానకు దాని కరెంటు డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ కాలిపోయింది. అంతటితో ఆగి ఉంటే దెబ్బ చిన్నదే. కొత్త ఎస్‌ఎంపీఎస్ వేశాక, స్క్రీన్ వెలిగాక, హమ్మయ్య బాగుపడిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక పోయింది. పోతూ పోతూ ఈ చుట్టుపక్కల ఊళ్ల ముఖాలన్నీ తీసుకుపోయింది.

ఆ స్టూడియో పెట్టిన పెద్దాయన ఇప్పుడు లేరు. ఫిల్ము రోజుల్లో ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు పెళ్లంటే ఆయన కెమెరా ఉండాల్సిందే. ముహూర్తం అర్ధరాత్రైనా, తెల్లవారుజామైనా తాళి కట్టే క్షణం ఆయన ఫ్లాష్ వెలగకుండా దాటిపోలేదని పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో మామిడి తోటల్లో తిరిగేవారు. జనవరి పూత, వేసవి కోత, చిక్కం కర్రతో చిన్నరసాలు దెబ్బ తగలకుండా దించే కూలీలు, చెట్టుకిందే గుట్టలుగా పోసి సైజువారీగా ఏరే ఆడవాళ్లు, గడ్డి పరిచిన పెట్టెలు, రాత్రివేళ లోడవుతున్న లారీలు, ఇవన్నీ తీసేవారు. ఇక్కడి కాయ పేరు దేశమంతా తెలుసు. ఆ కాయను దించిన చేతులు మాత్రం ఆయన నెగెటివ్‌లలోనే ఉండేవి.

కొడుకు చేతికి వచ్చేసరికి కాలం మారింది. 2008లో ఊరికి ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి పాసైన పిల్లలు ఎక్కడెక్కడి పల్లెల నుంచో ఇక్కడికి వచ్చి చదువుకోసాగారు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ప్రింట్లు, ప్రాజెక్టు రిపోర్టుల బైండింగు, ఇలా స్టూడియోకి కొత్త గిరాకీ దొరికింది. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చింది. తండ్రి నెగెటివ్‌లు మాత్రం అటకమీద రేకు డబ్బాల్లో ఉండిపోయాయి. కోస్తా తేమకు వాటికి బూజు పట్టడం మొదలైంది, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. కొడుకు ఓ స్కానర్ కొని, రాత్రుళ్లు షాపు కట్టేశాక కూర్చుని, ఒక్కొక్క స్ట్రిప్పూ మెత్తని గుడ్డతో తుడిచి ఎక్కించాడు. ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారిన 2022 నాటికే ఆ పని పూర్తయింది. స్కాన్ అయిపోయాయి కదా అని ఆ డబ్బాలు ఖాళీ చేశాడు. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లలో వెండి ఉంటుంది. పాత ఎక్స్‌రే ఫిల్ములు కొనేవాళ్లు వచ్చి తూకానికి పట్టుకుపోయారు. అందులో తప్పేమీ లేదు. బూజులో కుళ్లిపోతున్న తండ్రి శ్రమను చేతనైనంత కాపాడాననే అతను నమ్మాడు, నిజానికి కాపాడాడు కూడా.

కాపాడింది ఆ కంప్యూటర్లోనే. ఒక పక్క అద్దం ఉన్న నల్లటి క్యాబినెట్, లోపల రంగులు మార్చే లైట్ల ఫ్యాన్లు. ఫొటో స్టూడియోకి ఈ సోకులెందుకని మొదట్లో అందరూ అనేవాళ్లు. కానీ అన్నప్రాశన కార్డుకని చంటిపిల్లల్ని తెచ్చినప్పుడు ఆ లైట్ల విలువ తెలిసింది. ఏడుస్తున్న పిల్లాణ్ని క్యాబినెట్ వైపు తిప్పితే చాలు, నీలం నుంచి ఆకుపచ్చకూ అక్కణ్నుంచి గులాబీకీ మారే రంగుల్ని నోరు తెరుచుకుని చూసేవాడు. ఆ ఒక్క క్షణంలో ఫొటో అయిపోయేది.

ఆ తర్వాత ఒక మే నెల సాయంత్రం గాలివాన లేచింది. నూజివీడులో మే గాలివానంటే రైతుకు కాయ రాలిపోవడం, మిగతావాళ్లకు కరెంటు పోవడం. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి, ఒక్కసారిగా ఎక్కువ ఓల్టేజీతో వచ్చింది. క్యాబినెట్ వెనక టప్ మని చప్పుడు, కాలిన వాసన. కాలింది ఎస్‌ఎంపీఎస్. గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టులను కంప్యూటర్ తినగలిగే 12, 5, 3.3 వోల్టులుగా మార్చే డబ్బా అది. మిగతా వాటికి దెబ్బ తగలకుండా ముందు తనే పోయింది. మదర్‌బోర్డు బాగుంది, డిస్కులు బాగున్నాయి. వెనక్కి చూసుకుంటే ఆ రాత్రికి నష్టం ఒక్క ఎస్‌ఎంపీఎస్ ఖరీదు మాత్రమే.

మర్నాడు విజయవాడ వెళ్లి కొత్తది తెచ్చారు. వేరే కంపెనీది, పాతదానికన్నా మంచిదే. బిగించడానికి ఊళ్లోనే కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడొకడు వచ్చాడు. ఒద్దికైనవాడు, పని తెలిసినవాడు. వాణ్ని నిందించడానికి నాకు నోరు రాదు. ఎందుకో చెప్పాలంటే ముందు వైర్ల సంగతి చెప్పాలి.

ఒకప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి వైర్లు రంగులతో వచ్చేవి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు ఎర్త్, ఊదా అయితే కంప్యూటర్ ఆపేసినా బతికుండే స్టాండ్‌బై. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చాక ఆ రంగులూ ఆ ప్లగ్గులూ ప్రపంచమంతటా ఒక్కటే అయ్యాయి. మెకానిక్కు చదువు ఎంతున్నా, లేకున్నా రంగు చూసి వైరు పట్టుకునేవాడు. తర్వాత క్యాబినెట్లకు అద్దాలొచ్చాయి. అద్దంలోంచి రంగురంగుల వైర్లు అసహ్యంగా కనిపిస్తాయని అన్నింటినీ నల్లగా చేశారు. కావలసిన వైరు మాత్రమే పెట్టుకోమని వైర్లను డబ్బా నుంచి ఊడదీసేలా చేశారు. దాన్నే మాడ్యులర్ అంటారు. మదర్‌బోర్డు వైపు, డిస్కు వైపు ప్లగ్గులు ప్రమాణం ప్రకారమే ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్ వైపు ఉండే ప్లగ్గులో ఏ రంధ్రంలో ఏ వోల్టేజీ రావాలన్నది మాత్రం ఏ ప్రమాణమూ తేల్చలేదు. ఒక కంపెనీ ఒకలా, ఇంకో కంపెనీ ఇంకోలా, ఒక్కోసారి ఒకే కంపెనీలో రెండు మోడళ్లు రెండు రకాలుగా. చూడటానికి మాత్రం అదే ఆరు పిన్నుల ప్లగ్గు. నల్లటి వైరు, టక్కున కూర్చుంటుంది.

బోర్డుకు వెళ్లే పెద్ద వైర్లు పాతవి కొత్త డబ్బాకు పట్టలేదు. కాబట్టి కుర్రాడు వాటిని మార్చాడు. డిస్కులకూ, ఫ్యాన్ల లైట్లన్నింటినీ కలిపే హబ్బుకూ వెళ్లే సాటా పవర్ వైరు మాత్రం వెనక పలకకు కేబుల్ టైలు వేసి చక్కగా కట్టి ఉంది. దాన్ని ఊడదీయాలంటే అంతా విప్పాలి. దాని చివర కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో పెట్టి చూశాడు, పట్టింది. పట్టింది కాబట్టి అలాగే ఉంచాడు. చేతులకు చోటు కోసం డిస్కుల అర ముందే తీసి పక్కన పెట్టాడు. అందుకని బటన్ నొక్కేటప్పటికి ఆ వైరు మీద ఉన్నది లైట్ల హబ్బు ఒక్కటే.

స్క్రీన్ వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, వాటికి కరెంటు బోర్డు నుంచి వస్తుంది కనుక. విండోస్ తెరుచుకుంది, అది బోర్డు మీద చిన్న ఎస్‌ఎస్‌డీలో ఉంది కనుక. లైట్లు మాత్రం వెలగలేదు.

కుర్రాడు వాటి సంగతి చూడటం మొదలుపెట్టాడు. వాడు చూసినవన్నీ చూడాల్సినవే. ముందుపలక మీద పవర్ లైటు వైరు తిరగబడిందేమో అని ప్లస్, మైనస్ మార్చాడు. ఆ తప్పు ప్రమాదం లేనిది, ఎల్‌ఈడీ తిరగేస్తే వెలగదంతే. బయోస్‌లో లైటింగు ఆఫ్ అయిందేమో చూశాడు. రంగులు నడిపే సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాడు. హబ్బు నుంచి బోర్డుకు వెళ్లే మూడు పిన్నుల ప్లగ్గు ఊడదీసి మళ్లీ గుచ్చాడు. పక్కనే నాలుగు పిన్నుల సాకెట్టు ఉంది, అది 12 వోల్టులది. ఒక్కో ఎల్‌ఈడీకీ విడిగా రంగు చెప్పే ఈ రకం లైట్లకు 5 వోల్టులే కావాలి, అందులో పెడితే కాలిపోతాయి. వాడికది తెలుసు, పెట్టలేదు. వాడికి తెలియనిది ఒక్కటే, ఆ లైట్లకు 12 వోల్టులు అప్పటికే ఎక్కేశాయి. బటన్ నొక్కిన మొదటి క్షణంలోనే హబ్బు కాలిపోయింది, వెనకే ఫ్యాన్ల దీపాలూ పోయాయి. పొగ రాలేదు, వాసన రాలేదు.

ఆ చీకటే హెచ్చరిక. ఆ వైరులో ఏదో తేడా ఉందని చెప్పగలిగింది ఆ గదిలో ఆ లైట్లొక్కటే. అద్దం వెనక ఏ వెలుగూ లేకపోతే ముందు అనుమానించాల్సింది రంగుల సాఫ్ట్‌వేర్‌ను కాదు, వాటికి కరెంటు తెస్తున్న వైరును. అక్కడ ఆగి మల్టీమీటర్ పెట్టి ఉంటే హబ్బు ఖరీదుతో బయటపడేవాళ్లు. కానీ మర్నాడు ముహూర్తం ఉన్న పెళ్లివాళ్లు అమ్మాయి నిశ్చితార్థం ఆల్బమ్ కోసం వచ్చి కూర్చున్నారు.

"లైట్లే కదరా, తర్వాత చూసుకుందాం. ముందు డిస్కు పెట్టు, వాళ్ల ఆల్బమ్ ఇచ్చి పంపాలి" అన్నాడు యజమాని.

"సరే అన్నయ్యా" అని కుర్రాడు డిస్కు పెట్టాడు.

టిక్ మని చప్పుడు, కంప్యూటర్ ఆగిపోయింది. డిస్కు తీస్తే వచ్చింది, పెడితే ఆగింది. గాలివానకే డిస్కు దెబ్బతిన్నట్టుంది అన్నాడు కుర్రాడు. అప్పుడు యజమానికి ముచ్చెమటలు పట్టాయి. సొరుగులోంచి రెండో డిస్కు తెచ్చాడు, పాత పని కాపీ ఉన్నది. కనీసం ఇదైనా చదువుతుందేమో చూడు అన్నాడు. అదే వైరుకు తగిలించారు. మళ్లీ టిక్.

ఈ ఘట్టం తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలచివేసినట్టవుతుంది. ఒక్క అడుగు కూడా తెలివితక్కువది కాదు. పోయినదాని కోసం మిగిలినదాన్ని వెతకడం ఎవరైనా చేసే పనే. ఆ రెండో డిస్కును పరుగున తెచ్చి ఆ వైరుకే అందించింది ఆ ఆత్రమే.

నేను ఊళ్లో లేను. వచ్చాక కబురు విని వెళ్లాను. "మాస్టారూ, మీరొకసారి చూడండి" అన్నాడు యజమాని. డిస్కులు పక్కన పెట్టించి, మల్టీమీటర్ తీశాను. సాటా పవర్ ప్లగ్గులో 15 సన్నటి పిన్నులుంటాయి. మొదటి మూడూ 3.3 వోల్టులవి, తర్వాత మూడూ ఎర్త్, ఏడు నుంచి తొమ్మిది 5 వోల్టులవి, మళ్లీ మూడు ఎర్త్, చివరి మూడూ 12. ప్లగ్గును లైటు కింద పట్టుకుని, నల్ల తీగ నాలుగో పిన్నుకు ఆనించి, గుండుసూది మొనతో లెక్కపెట్టుకుంటూ ఎర్ర తీగను ఎనిమిదో పిన్ను మీదికి తెచ్చాను. అక్కడ కనబడాల్సింది 4.75కూ 5.25కూ మధ్య ఏదో ఒక అంకె. మీటర్ మీద 12.1 అని వచ్చింది. కుర్రాడు నా భుజం మీదుగా చూస్తున్నాడు. వాడు ఏమీ అడగలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో దాని సొంత సాటా వైరు, కట్ట విప్పకుండా అలాగే ఉంది.

నా కోపం కుర్రాడి మీద కాదు, పట్టకూడని ప్లగ్గును పట్టేలా చేసినవాళ్ల మీద. పాత వైర్లు వాడొద్దని పెట్టెలో కాగితం మీద రాస్తారు. పొట్టి పొట్టి అక్షరాల్లో, మన భాష కాని భాషల్లో. ప్లగ్గు ఆకారం కాస్త మార్చి ఉంటే ఆ కాగితమే అక్కర్లేదు. బోర్డు వైరుకు చేయగలిగారు కదా, దానివల్లే బోర్డు బతికింది.

డిస్కులను హైదరాబాద్ పంపారు. చాలా హార్డ్‌డిస్కుల బోర్డుల మీద కరెంటు లోపలికి వచ్చే చోట బియ్యపుగింజంత డయోడ్ ఉంటుంది. ఓల్టేజీ మితి మీరితే అది తనను తానే షార్ట్ చేసుకుని వెనక ఉన్నవాటిని కాపాడుతుంది. ఎస్‌ఎంపీఎస్ టిక్ మని ఆగింది అందుకే. సొరుగు డిస్కులో ఆ డయోడ్ తన పని పూర్తిగా చేసింది. దాన్ని పీకేసి సరైన వైరు ఇస్తే డిస్కు లేచింది, అందులో ఉన్నదంతా ఉంది. అయితే అందులో ఉన్నది 2017 వరకు తీసిన డిజిటల్ పెళ్లిళ్లు. స్కాన్ చేసిన నెగెటివ్‌లు అందులో లేవు. మళ్లీ కాపీ చేయాలని కొడుకు అనుకుంటూ ఉండగానే ఇది జరిగింది.

అసలు డిస్కును హైదరాబాద్ పంపకముందే, సాయం చేద్దామని ఎవరో మూత విప్పి చూశారు. మంచి ఉద్దేశంతోనే. డిస్కు తిరుగుతున్నప్పుడు దాని పలకకూ చదివే హెడ్డుకూ మధ్య ఉండే ఎడం కొన్ని నానోమీటర్లు. మన గాలిలో తిరిగే ధూళికణం దానికి వందల, వేల రెట్లు పెద్దది. అందులోనూ అది మే నెల, పక్కనే లారీలు తిరిగే రోడ్డు. హైదరాబాద్‌లో శుభ్రమైన గదిలో హెడ్లు మార్చారు. పలకల మీద గీతలు పడ్డాయి. వచ్చినవి అక్కడక్కడా కొన్ని ముక్కలు, సగం వరకు తెరుచుకుని కింద బూడిదరంగు పట్టీలుగా మిగిలిన ఫొటోలు.

కొడుకు ఇప్పుడు ఆదివారాలు పాత కస్టమర్ల ఇళ్లకు వెళ్తున్నాడు. పెళ్లి ఆల్బమ్ ఉన్నవాళ్లు ఇస్తున్నారు, అతను తెచ్చి స్కాన్ చేసి తిరిగిస్తున్నాడు, ప్రతిదీ మూడు చోట్ల దాస్తున్నాడు. ఆ రకంగా పెళ్లిళ్లు కొంతవరకు వెనక్కి వస్తాయి. తోటలవి రావు. వాటిని ఎవరూ డబ్బిచ్చి తీయించుకోలేదు కనుక ఎవరి ఇంట్లోనూ వాటి ప్రింట్లు లేవు.