ఆముదం బూజు తెగులు

ఆముదం పంటలో గెలలను కుళ్లబెట్టే శిలీంధ్ర వ్యాధి. ఆంఫోబోట్రిస్ రిసిని అనే బూజు దీనికి కారణం. శాస్త్రలోకం దీన్ని మొదట 1919లో అమెరికా నుంచి మరో పేరుతో వర్ణించింది. 1973లో ఆంఫోబోట్రిస్ ప్రజాతి ఏర్పడింది. పాత వ్యవసాయ పుస్తకాల్లో బోట్రైటిస్ రిసిని అన్న పేరే కనిపిస్తుంది. శనగ, ద్రాక్ష, స్ట్రాబెర్రీలను పాడుచేసే బూడిదరంగు బూజుకు ఇది దగ్గరి చుట్టం. అయితే ఆ బూజు వందల రకాల మొక్కల మీద బతుకుతుంది. ఇది మాత్రం ఆముదాన్ని, దాని కుటుంబంలోని మరికొన్ని మొక్కలను ఆశిస్తుంది.

ఆముదం గెలలో కింది భాగాన మగపూలు, పైన ఆడపూలు ఉంటాయి. విచ్చుకుని వాడిపోతున్న పూలు, రాలిన పుప్పొడి బూజుకు మొదటి మేత. అక్కడ బలం పుంజుకుని పక్కనున్న లేత కాయలకు పాకుతుంది. ముందుగా కాయ మీద చిన్న నల్లని మచ్చ పడుతుంది, ఒక్కోసారి దాని మీద పసుపురంగు ద్రవం చుక్కగా ఊరుతుంది. తర్వాత దూదిలాంటి బూజు కమ్ముకుని బూడిద రంగుకు తిరుగుతుంది. కాయలు మెత్తబడి కుళ్లి రాలిపోతాయి. ముదిరిన కాయకు సోకితే కాయ నిలిచినా గింజ తాలుగా మిగులుతుంది, నూనె తగ్గుతుంది. బూజు నుంచి లేచే సిద్ధబీజాలు గాలితో, వాన తుంపరలతో పక్క గెలలకు చేరతాయి. పంట కోశాక నల్లని గట్టి ఉండల రూపంలో చెత్తలో, నేలలో మిగిలిపోతుంది.

ఈ తెగులుకు ముసురే ప్రాణం. ఉష్ణోగ్రత 25 డిగ్రీల దరిదాపుల్లో ఉండి, గాలిలో తేమ 90 శాతం దాటి, కాయలు ఆరకుండా కొన్ని రోజులు గడిస్తే చాలు. దేశంలో ఆముదం అత్యధికంగా పండే గుజరాత్‌లో వాతావరణం పొడిగా ఉండడం వల్ల దీని బెడద తక్కువ. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల చల్కా నేలల్లో కథ వేరు. జూన్, జులైలలో వర్షాధారంగా విత్తిన పునాస ఆముదం గెల వేసే వేళకు సెప్టెంబర్, అక్టోబర్ వాయుగుండాలు ఎదురవుతాయి. 1987లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ తెగులు ఉధృతంగా వచ్చి పంటను తీవ్రంగా దెబ్బతీసింది.

మందు కొట్టాల్సిన సమయానికి చేలో తెగులు కనిపించకపోవడం రైతుకు అసలు చిక్కు. బూజు కంటికి కనిపించేసరికి ఆ గెల చాలావరకు చేజారినట్టే. అందుకే తుపాను హెచ్చరిక రాగానే, వాన పడడానికి కనీసం ఆరేడు గంటల ముందు, లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి గెలలు తడిసేలా పిచికారీ చేయమంటారు. వాన వెలిశాక లీటరుకు 1 మి.లీ. ప్రొపికొనజోల్ కొట్టాలి. వర్షాధార పంట మీద, ఇంకా రాని జబ్బు కోసం ముందే ఖర్చు పెట్టడం చిన్న రైతుకు తేలిక కాదు. ఈ పంటకు వాతావరణ సమాచారం సకాలంలో చేరడం మందుతో సమానమైన అవసరం.

కాయలు ఒత్తుగా పేర్చినట్టుండే గెలలో, ముళ్లు దట్టంగా ఉన్న కాయల మధ్య తడి నిలుస్తుంది కాబట్టి అలాంటి రకాలు త్వరగా లొంగిపోతాయి. వదులు గెలల రకాలు కొంత తట్టుకుంటాయి. జ్వాల రకానికి తెగులును తట్టుకుంటుందన్న పేరుంది. మొక్కల మధ్య గాలి ఆడేలా ఎడం పాటించడమూ తడి నిలవకుండా ఉండేందుకే. పూర్తి నిరోధక శక్తి ఉన్న రకం మాత్రం రైతుల చేతికి ఇంకా రాలేదు.

ఆముదంలో గెలలన్నీ ఒకేసారి రావు. మొదటి గెల తర్వాత పక్క కొమ్మలకు రెండో వరుస, మూడో వరుస గెలలు వేస్తాయి. మొదటి గెల బూజుకు పోయినా, దాన్ని కోసి చేనుకు దూరంగా కాల్చేసి, నేలలో పదును ఉండగా పైపాటుగా యూరియా వేస్తే తర్వాతి గెలలు నిలబడతాయి. నీటి వసతి ఉన్నచోట యాసంగిలో అక్టోబర్‌లో విత్తిన ఆముదం వానలు తగ్గాకే పూతకు వస్తుంది, చాలావరకు ఈ తెగులు బారి నుంచి తప్పించుకుంటుంది.