తాకట్టు ఎవరిది, ఊరట ఎవరికి?

1933 ఏప్రిల్ 27. అమెరికాలోని అయోవా రాష్ట్రం, లెమార్స్ పట్టణంలో రైతులు కోర్టులోకి దూసుకొచ్చారు. ఇకపై తాకట్టు పొలాల జప్తుకు ఉత్తర్వులివ్వనని ఒట్టు వేయమన్నారు. జడ్జి చార్లెస్ బ్రాడ్లీ ససేమిరా అన్నారు. ఆయన్ని ఊరి బయటికి ఈడ్చుకెళ్లి మెడకు తాడు బిగించారు. ప్రాణాలతో వదిలేశారు గానీ, దేశం ఉలిక్కిపడింది.

మహామాంద్యం కాలం, పట్టణాల్లో రోజుకు వెయ్యి ఇళ్ల దాకా జప్తవుతున్న రోజులవి. అప్పట్లో ఇంటి అప్పుల గడువు చాలావరకు మూడు నుంచి ఐదేళ్లే. గడువు తీరాక అసలంతా కట్టాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. బ్యాంకులే మూతపడుతుంటే తిరగరాసేదెవరు?

జూన్ 13న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకంతో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ పుట్టింది. అప్పిచ్చినవాళ్లకు బాండ్లు ఇచ్చి, మొండిబాకీల పత్రాలు తాను తీసుకుంది. ఇంటివాళ్లకు 15 ఏళ్ల గడువు, 5 శాతం వడ్డీ, నెలనెలా వాయిదాలు. సుమారు పది లక్షల ఇళ్లకు 300 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పిచ్చింది. పేరు ఇంటివాళ్లదే అయినా, ముందు ఊపిరి పీల్చుకున్నది బ్యాంకులే. అలాగని ఇది ధర్మసత్రమూ కాదు. అప్పటికీ కట్టలేకపోయిన దాదాపు రెండు లక్షల ఇళ్లను ఆ సంస్థే జప్తు చేసింది. 1951లో లెక్కలు ముగించేసరికి ఖజానాకు కాస్త మిగిలింది కూడా. నగర పటాల్లో నల్లజాతి వాడలకు ఎర్రరంగు పూసి ‘ప్రమాదకరం’ అని గుర్తించిందీ ఈ సంస్థే.

2008లో ఇంటి అప్పులు మళ్లీ కుప్పకూలినప్పుడు కూడా ఊరట ముందు పెద్దలకే దక్కింది. సెప్టెంబరులో ఇంటి అప్పులు కొనే దిగ్గజ సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌లను ప్రభుత్వం తన అదుపులోకి తీసుకుంది. బీమా సంస్థ ఏఐజీకి 8,500 కోట్ల డాలర్ల అప్పు దొరికింది. అక్టోబరు 3న బ్యాంకులను ఆదుకునే 70,000 కోట్ల డాలర్ల చట్టం వచ్చింది.

ఇంటివాళ్ల వంతు 2009 ఫిబ్రవరి 18న గానీ రాలేదు. అధ్యక్షుడు ఒబామా ఇంటి వాయిదాలు తగ్గించే 7,500 కోట్ల డాలర్ల పథకం ప్రకటించిన మర్నాడే, షికాగో ట్రేడింగ్ హాలు నుంచి టీవీ వ్యాఖ్యాత రిక్ శాంటెల్లి విరుచుకుపడ్డారు: అదనపు బాత్రూం కట్టుకుని బిల్లులు కట్టలేని పొరుగువాడి అప్పు మీరు తీరుస్తారా? హాలు హోరెత్తింది.

ఒళ్లు దాచుకోకుండా పనిచేసి వాయిదాలు కట్టినవాడి ఉక్రోషం న్యాయమైనదే, కొట్టిపారేయలేం. కానీ జీతం ఎంతో కూడా చూడకుండా అప్పిచ్చి, మర్నాడే ఆ పత్రాన్ని వాల్‌స్ట్రీట్‌కు అమ్ముకున్నవాడి తప్పు అంతకన్నా పెద్దది. పొరుగింటి బాత్రూం కంటికి కనిపిస్తుంది, ఆ పత్రాల బేరం కనిపించదు.

పథకం లక్ష్యం 30 నుంచి 40 లక్షల కుటుంబాలు. శాశ్వతంగా వాయిదాలు సవరించింది 20 లక్షల లోపు అప్పులకే. ఎవరికి తగ్గించాలో దరఖాస్తులు చూసి తేల్చే పని, ఆ వాయిదాలు వసూలు చేసే కంపెనీలకే అప్పగించారు.