బాబాజీ ఏ కాలం వాడు?

చంద్రపూర్ గోండు రాజుల గురించి రాసేవాళ్లు సాధారణంగా ఒక జాబితాతో మొదలుపెడతారు. క్రీ.శ. 870లో భీమ్ బల్లాల్ సింగ్‌తో మొదలై 1751లో నీలకంఠ షాతో ముగుస్తుంది, మొత్తం పంతొమ్మిది మంది. బల్లార్‌పూర్ నుంచి చాందాకు (ఇప్పటి చంద్రపూర్‌కు) రాజధాని మారడం, కోటగోడ, రాణి హీరాయి కట్టించిన బీర్ షా సమాధి, చివరికి భోంస్లేల ఆక్రమణ అందరూ చెప్పేవే. ఆ తేదీలు ఎక్కడివని అడిగేవాళ్లు తక్కువ. అవి 1869లో మేజర్ లూసీ స్మిత్ రాసిన సెటిల్‌మెంట్ రిపోర్టులోవి.

లెక్క వేయండి. 881 ఏళ్లకు 19 మంది, తలా 46 ఏళ్లు. బాబరు నుంచి ఔరంగజేబు దాకా ఆరుగురు మొగలులకు 181 ఏళ్లే సరిపోయాయి, మధ్యలో సూర్ల పాలనతో కలిపి. బాబాజీ బల్లాల్ షాకు ఈ జాబితా 1442 నుంచి 1522 దాకా ఎనభై ఏళ్లు కట్టబెట్టింది. ఆ తర్వాతి ధుండియా రామ్ షాకు మరో 75. పదహారో శతాబ్దం చివర్లో అబుల్ ఫజల్ రాసిన అయినీ అక్బరీ మాత్రం చాందా గోండు జమీందారు బాబ్‌జీ అనీ, అతనికి 1,000 గుర్రాలు, 40,000 కాల్బలం ఉన్నాయనీ చెబుతోంది. ఇద్దరూ ఒకరే అయితే జాబితా డెబ్బై ఏళ్లకు పైగా జారింది. అదే పేరుతో ఇంకో రాజు ఉండొచ్చు, మొగలు గుమాస్తాలు పాత కాగితం చూసి రాసి ఉండొచ్చు. అయినా ఎనభై, డెబ్బై అయిదేళ్ల పాలనలు వరసగా రావడం నమ్మశక్యం కాదు. నోటిమాటగా వచ్చిన పేర్లకు స్మిత్ సంవత్సరాలు సర్దాడని నా అంచనా. పదిహేనో శతాబ్దానికి ముందున్న తేదీలను నేను పాఠంలో పెట్టను.

సరిచూడటానికి ఆధారాలు మన దగ్గరా ఉన్నాయి. ఇప్పుడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే, కాబట్టి హైదరాబాద్ తార్నాకలోని నిజాం కాలపు రికార్డులను వదిలేసి ఈ చరిత్ర రాయడం సగం పనే. నార్నూర్ మండలం గుంజాలలో జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చిన గోండి రాతప్రతులూ ఉన్నాయి. వాటిలోని గోండి లిపికి 2018లో యూనికోడ్ గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ లిపికి దక్కిన ప్రచారం అందులో రాసిన విషయానికి దక్కలేదు. బ్రిటిష్‌వారిపై తిరగబడిన గోండు నాయకుడు బాబూరావు శేడ్మాకేను 1858 అక్టోబరు 21న చాందా జైల్లో ఉరితీశారని చెప్పి దండ వేసి ఊరుకోవడం కూడా ఇలాంటిదే.

అమెరికాలో కార్టర్ వుడ్‌సన్ 1926లో నల్లజాతి చరిత్ర వారం మొదలుపెట్టినప్పుడు దాన్ని ఉత్సవంగా వదిలేయలేదు, బడులకు పాఠసామగ్రి కూడా అందించాడు. రాజురా, ఉట్నూరు ఉపాధ్యాయులకు నా విన్నపం: స్మిత్ జాబితానూ అయినీ అక్బరీలోని ఆ నాలుగు మాటలనూ తొమ్మిదో తరగతి పిల్లల ముందు పక్కపక్కన పెట్టండి. బాబాజీ ఏ కాలం వాడో వాళ్లనే తేల్చమనండి.