‘కాటన్’ పదం - పూర్వాపరాలు

పల్నాటి నల్లరేగడి నేలల్లో పండే పంటను మాచర్ల, గురజాల రైతులు పత్తి అనే అంటారు. అదే నరసరావుపేట బట్టల కొట్టుకు చీరగా వచ్చేసరికి ‘కాటన్’ అవుతుంది. ఈ మాట ఇంగ్లీషువారి సొంతమని చాలామంది తలుస్తారు. వాస్తవానికి దీని మూలం అరబ్బీలోని ‘ఖుత్న్’. ముస్లింల పాలనలో ఉన్న స్పెయిన్, సిసిలీలలో పత్తి సాగుతో పాటు దాని పేరూ వ్యాపించింది. స్పానిష్ వారు ‘అల్’ అనే అరబ్బీ ఉపపదాన్ని కూడా కలుపుకొని ‘అల్గొదోన్’ అన్నారు. ఫ్రెంచి ద్వారా ఆ మాట 14వ శతాబ్ది నాటికి ఇంగ్లీషులో ప్రవేశించింది.

ఈ ధాతువు నుంచే ‘ఖత్తాన్’ పుట్టింది. అంటే పత్తి వర్తకుడు. హదీసు ఉల్లేఖకుల విశ్వసనీయతను నిగ్గుతేల్చిన బస్రా పండితుడు యహ్యా బిన్ సయీద్ (మరణం హి. 198 / క్రీ.శ. 813) ఈ బిరుదుతోనే ప్రసిద్ధులు. బాగ్దాదులో క్రీ.శ. 922లో మరణశిక్షకు గురైన సూఫీ హుసైన్ బిన్ మన్సూర్‌కు గల ‘హల్లాజ్’ అనే పేరుకు దూది ఏకేవాడని అర్థం.

ఆంధ్రదేశంలో ఇదే వృత్తి ఒక ముస్లిం సముదాయానికి పేరైంది. వారే దూదేకులవారు. వెనుకబడిన తరగతుల జాబితాలో వారికి పింజారి, నూర్‌బాషాలతో పాటు ‘లద్దాఫ్’ అనే పేరు కూడా కలదు. అది దూది ఏకేవాణ్ణి తెలిపే ‘నద్దాఫ్’ అనే అరబ్బీ పదానికి రూపాంతరం. ఇంట్లో తెలుగు మాట్లాడతారనో, వృత్తి చిన్నదనో వీరిని తక్కువగా చూసే ధోరణి తోటి ముస్లింలలోనే కనిపించడం విచారకరం. బస్రాలో గౌరవనామమైన వృత్తి పల్నాటిలో ఎత్తిపొడుపు ఎలా అవుతుంది? యంత్రాలు వచ్చి దూది ఏకే విల్లు మూలపడింది. వృత్తి పోయినా చిన్నచూపు మిగిలి ఉండటం ఇస్లాం నేర్పిన సోదరభావానికి తగదు.